అమెరికా వదిలి ఇంటికి వచ్చేస్తున్నారా? టికెట్ కొనకముందే టాక్స్, 401(కె) లెక్కలు ఇలా చూసుకోండి

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పది పన్నెండేళ్లు ఉద్యోగం చేసి హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చేయాలనుకునేవాళ్లు ముందు పిల్లల స్కూలు చూసుకుంటారు, తర్వాత ఇల్లు, ఆ తర్వాత ఏ సామాను పంపాలి, ఏది అమ్మేయాలి అన్నది. అమెరికాలో జీతంలోంచి దాచుకున్న రిటైర్మెంట్ ఖాతా, అంటే 401(కె) సంగతి అన్నిటికంటే ఆఖర్న గుర్తుకొస్తుంది. నాకూ దిగిన ఎనిమిది నెలలకు గుర్తొచ్చింది. అప్పటికి కొన్ని మంచి అవకాశాలు చేజారిపోయాయి. మీకు అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

హెచ్‌1బీ మీద ఉండి, గ్రీన్ కార్డ్ లేకుండా తిరిగి వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన వరస ఇది. గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉన్నవాళ్ల దారి వేరు. వాళ్ల గురించి కింద విడిగా చెప్పాను.

1. ముందు రోజులు లెక్క పెట్టండి

అన్నిటికంటే విలువైన పని ఇదే. దీనికి ఒక కాగితం, మీ పాస్‌పోర్టు చాలు.

మన ఆదాయపు పన్ను చట్టం మిమ్మల్ని పౌరసత్వం బట్టి కాదు, ఇక్కడ గడిపిన రోజుల బట్టి చూస్తుంది. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 లోపు 182 రోజులు ఇండియాలో ఉంటే ఆ ఏడాదికి మీరు రెసిడెంట్. (అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ ఉన్నవాళ్లకు 60 రోజులే చాలు. ఏడాదికి మూడు నాలుగు వారాలు వచ్చిపోయేవాళ్లకు ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు.) మామూలు ఏడాదిలో అక్టోబర్ 1న దిగితే మార్చి 31కి సరిగ్గా 182 రోజులు అవుతాయి. అదే ఏడాది మే నెలలో పెళ్లికి వచ్చి వెళ్లి ఉంటే ఆ రోజులూ కలుస్తాయని మరిచిపోకండి.

రెసిడెంట్ అయినంత మాత్రాన అమెరికా ఆదాయం మీద వెంటనే పన్ను పడదు. మధ్యలో ఆర్‌ఎన్‌ఓఆర్ అనే దశ ఉంది. రెసిడెంటే, కానీ ఆర్డినరీ రెసిడెంట్ కాదు. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్-రెసిడెంట్‌గా ఉన్నా, లేదా అంతకుముందు ఏడేళ్లలో మొత్తం 729 రోజులు మించకుండా ఇండియాలో ఉన్నా మీరు ఈ దశలోనే ఉంటారు. ఈ కాలంలో అమెరికాలో వచ్చే వడ్డీ, డివిడెండ్, షేర్లు అమ్మిన లాభం మీద ఇక్కడ పన్ను లేదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూడండి. 2013లో వెళ్లిన మనిషి 2026లో తిరిగి వస్తున్నాడు. గత ఐదేళ్లలో నాలుగుసార్లు, ఒక్కోసారి 21 రోజులు ఇంటికి వచ్చాడు. అంటే 84 రోజులు.

జూన్ 1న దిగాడనుకుందాం. 2027 మార్చి 31కి 304 రోజులు. తర్వాతి ఆర్థిక సంవత్సరంలో లీపు ఫిబ్రవరి ఉంది కాబట్టి 366. పాత 84 కలిపితే 754. అంటే 729 దాటింది. పదేళ్లలో తొమ్మిదేళ్ల నియమం కింద మొదటి రెండేళ్లు గట్టెక్కుతాడు గానీ, 2028 ఏప్రిల్ 1 నుంచి పూర్తి రెసిడెంట్ అయిపోతాడు.

అదే మనిషి ఆగస్టు 15న దిగితే? 229, 366, 84 కలిపి 679. మూడో ఏడాది కూడా ఆర్‌ఎన్‌ఓఆర్‌గానే ఉంటాడు, 2029 మార్చి 31 వరకు. రెండున్నర నెలలు ఆగినందుకు ఒక ఏడాది పూర్తిగా కలిసొచ్చింది. పెద్ద మొత్తంలో షేర్లు ఉన్నవాళ్లకు ఈ ఏడాది విలువ లక్షల్లో ఉంటుంది.

కాబట్టి ఏడేళ్ల ఇమ్మిగ్రేషన్ స్టాంపులన్నీ ఫొటో తీసి, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ ఒక షీట్‌లో రాసుకోండి. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలో వేసుకోవడమే మంచిది. ఒకటి రెండు రోజుల తేడా మీద ఆధారపడకుండా పది రోజులైనా వెసులుబాటు ఉంచుకోండి. అమ్మానాన్నల ఆరోగ్యం బాగోలేక వస్తున్నారా, ఈ లెక్కంతా పక్కన పెట్టి వచ్చేయండి. తేదీ మీ చేతిలో ఉన్నప్పుడే ఇది చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీకే రిమోట్‌గా పని చేస్తే, జీతం డాలర్లలో అమెరికా బ్యాంకులో పడినా సరే, అది ఇక్కడ చేసిన పనికి వచ్చిన ఆదాయమే. ఆర్‌ఎన్‌ఓఆర్ అయినా దాని మీద ఇక్కడ పన్ను కట్టాలి. ఈ ఒక్క విషయంలో పొరపాటు పడుతున్నవాళ్లను చాలామందిని చూశాను.

2. విమానం ఎక్కేలోపు చేయాల్సినవి

సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్ తెరిచి ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో చూడండి. పెన్షన్ రావాలంటే 40 కావాలి. ఏడాదికి గరిష్ఠంగా నాలుగు వస్తాయి. అమెరికాకు, మనకు మధ్య సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. అంటే 36 దగ్గర ఆగిపోతే ఇక్కడి పీఎఫ్ సర్వీసు దానికి కలవదు, కట్టిన డబ్బు తిరిగి రాదు. అయితే క్రెడిట్లు నెలల బట్టి కాదు, సంపాదన బట్టి వస్తాయి. 2025లో 7,240 డాలర్లు సంపాదిస్తే ఆ ఏడాది నాలుగు క్రెడిట్లూ వచ్చేసేవి. ఈ మొత్తం ఏటా కొద్దిగా పెరుగుతుంది. 36 క్రెడిట్లతో డిసెంబర్‌లో బయలుదేరుతున్నవాళ్లు జనవరిలో ఇంకో నెల జీతం తీసుకుని వస్తే 40 పూర్తయ్యే అవకాశం ఉంది. ఎంత మంది ఇది తెలియక నాలుగు క్రెడిట్ల దూరంలో వదిలేసి వచ్చారో!

తర్వాత 401(కె). తిరిగి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి వచ్చే ఆలోచన "మొత్తం తీసేసుకుని వెళ్లిపోదాం" అని. తొందరపడకండి. 59 ఏళ్ల 6 నెలలు నిండకముందు తీస్తే మామూలు పన్ను కాక 10 శాతం పెనాల్టీ. జీతం కూడా అందుకున్న ఏడాదిలోనే తీస్తే పన్ను శ్లాబు కూడా పైకి పోతుంది. పన్నెండేళ్లు పొదుపు చేసిన డబ్బులో మూడో వంతు దాకా ఒక్క దెబ్బకు పోతుంది. మీ వయసు నలభై అయితే ఆ డబ్బు ఇంకో ఇరవై ఏళ్లు పన్ను లేకుండా పెరిగే అవకాశాన్నీ వదులుకున్నట్టే.

పాత కంపెనీ ప్లాన్‌లో ఉంచేయవచ్చు, లేదా ట్రెడిషనల్ ఐఆర్‌ఏకి (కంపెనీతో పని లేకుండా మీ సొంతంగా ఉండే రిటైర్మెంట్ ఖాతా) మార్చుకోవచ్చు. ఖాతాలో 7,000 డాలర్లలోపే ఉంటే కంపెనీ మిమ్మల్ని అడగకుండానే బయటికి పంపే వీలుంది కాబట్టి చిన్న ఖాతాలను తప్పకుండా మార్చుకోండి. మార్చేటప్పుడు డైరెక్ట్ రోలోవర్ అనే అడగండి. చెక్కు మీ పేరు మీద కాకుండా కొత్త సంస్థ పేరు మీద రావాలి. మీ చేతికి వస్తే 20 శాతం పట్టుకుని ఇస్తారు. 60 రోజుల్లో ఆ 20 శాతం కూడా మీ జేబులోంచి కలిపి జమ చేయకపోతే దాన్ని విత్‌డ్రా కిందే లెక్కేస్తారు.

రోలోవర్‌ను అమెరికా అడ్రస్ ఉండగానే ముగించండి. నేను దిగాక అడ్రస్ మార్చాను. ఆ సంస్థ ఇండియా అడ్రస్ ఉన్నవాళ్లకు కొత్తగా ఫండ్లు కొనే సౌకర్యం ఇవ్వదని అప్పుడు తెలిసింది. అమ్మడానికే వీలుంది, మార్చడానికి లేదు. ఇంకో సంస్థకు మారడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ టెన్షనే. అలాగని ఎవరో స్నేహితుడి అడ్రస్ పెట్టి నెట్టుకురావడం మంచి దారి కాదు. ఇండియా అడ్రస్ ఒప్పుకునే సంస్థ ఏదో ముందే చాట్‌లో అడిగి, జవాబును సేవ్ చేసుకుని, అక్కడికే మార్చుకోండి.

అమెరికా ఫోన్ నంబర్‌ను వదిలేయకండి. ప్రతి ఖాతాకూ ఓటీపీ దానికే వస్తుంది. నెలకు కొద్ది డాలర్లు అయ్యే ప్లాన్‌లోకి మార్చి, రోమింగ్‌లో మెసేజ్‌లు వస్తున్నాయో లేదో అక్కడుండగానే కనుక్కోండి. అలాగే ఒక బ్యాంక్ ఖాతా తెరిచే ఉంచండి. టాక్స్ రీఫండ్, ఆఖరి జీతం, రేపటి పెన్షన్, అన్నీ అందులోకే రావాలి.

3. మొదటి ఏడాది రెండు వైపులా

మధ్యలో దేశం విడిచినవాళ్లకు ఆ క్యాలెండర్ సంవత్సరానికి అమెరికాలో సాధారణంగా డ్యూయల్ స్టేటస్ రిటర్న్ (కొంతకాలం రెసిడెంట్‌గా, మిగతా కాలం నాన్-రెసిడెంట్‌గా లెక్క చూపేది) ఉంటుంది. సొంతంగా సాఫ్ట్‌వేర్‌తో చేయడం కష్టం, ఈ ఒక్క ఏడాదికి మంచి సీపీఏను (అక్కడి అకౌంటెంట్) పెట్టుకోండి. ఆ ఏడాది అమెరికా రెసిడెంట్‌గా ఉన్న రోజుల్లో ఇండియాలోని మీ ఖాతాలన్నీ కలిపి ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటి ఉంటే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకు తెలిపే రిపోర్టు) కూడా వేయాలి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ (నాన్-రెసిడెంట్లకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతాలు), ఎఫ్‌డీలు, పీపీఎఫ్, నాన్నగారితో ఉన్న జాయింట్ ఖాతా, అన్నీ లెక్కలోకి వస్తాయి. గడువు ఏప్రిల్ 15, దానంతటదే అక్టోబర్ 15 దాకా పొడిగింపు ఉంటుంది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేకపోయినా అమెరికాలో ఉంది. గత ఏళ్లలో చూపించకపోతే వెళ్లేముందే సీపీఏతో మాట్లాడి సరిచేసుకోండి.

ఇండియా వైపు బ్యాంకులకు మీరు తిరిగి వచ్చేశారని చెప్పాలి. విదేశీ మారక ద్రవ్యం సంగతి చూసే ఫెమా చట్టం దృష్టిలో, ఇక్కడే ఉండిపోవడానికి వచ్చినవాళ్లు 182 రోజులతో పని లేకుండా వెంటనే రెసిడెంట్. ఎన్‌ఆర్‌ఈ ఖాతాను మామూలు ఖాతాగానో ఆర్‌ఎఫ్‌సీగానో (తిరిగి వచ్చినవాళ్లు విదేశీ కరెన్సీలో ఉంచుకునే ఖాతా) మార్చాలి. ఎఫ్‌సీఎన్‌ఆర్ (నాన్-రెసిడెంట్లు విదేశీ కరెన్సీలో వేసే) డిపాజిట్‌ను గడువు వరకు కొనసాగించవచ్చు. డాలర్లలోనే ఉంచుకోవాలనుకుంటే ఆర్‌ఎఫ్‌సీ మంచిది, ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉన్నన్నాళ్లు దాని వడ్డీకి పన్ను ఉండదు. అమెరికాలో ఉండగా సంపాదించిన ఆస్తులను అక్కడే ఉంచుకోవడానికి ఫెమా సెక్షన్ 6(4) ఒప్పుకుంటుంది. "అన్నీ తెచ్చేయాలి, లేకపోతే కేసు" అని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

డబ్బు పంపితే అమెరికా ఒక శాతం పన్ను వేస్తోందని వాట్సాప్‌లో తిరుగుతున్న మాటకు కూడా ఇక్కడే జవాబు. 2026 జనవరి నుంచి వచ్చిన ఆ పన్ను నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు వంటి వాటితో పంపేవాళ్లకే. బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు.

4. ఆర్‌ఎన్‌ఓఆర్ కిటికీ తెరిచి ఉండగా

ఈ రెండు మూడేళ్లు మళ్లీ రావు. అమెరికా టాక్స్ రెసిడెన్సీ ముగిసిన తర్వాత, నాన్-రెసిడెంట్‌గా మీరు అక్కడి షేర్లు అమ్మితే ఆ లాభం మీద అమెరికా సాధారణంగా పన్ను వేయదు. ఆర్‌ఎన్‌ఓఆర్ కాబట్టి ఇండియా కూడా వేయదు. ఏళ్ల తరబడి పోగైన ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ జీతంతోపాటు ఇచ్చే షేర్లు), మామూలు బ్రోకరేజ్ ఖాతాలోని ఫండ్లు అమ్మడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. ఒక్కటే జాగ్రత్త: అమ్మిన డబ్బు ముందు అమెరికా బ్యాంక్ ఖాతాలో పడాలి, తర్వాతే ఇక్కడికి పంపుకోవాలి. నేరుగా ఇండియా ఖాతాలోకి వస్తే ఇక్కడ అందుకున్న ఆదాయం అనే వాదన వస్తుంది.

రాత్ ఖాతాలు (పన్ను కట్టేసిన డబ్బు వేసుకునే రిటైర్మెంట్ ఖాతాలు) ఉన్నవాళ్లు కూడా ఈ కిటికీలోనే ఆలోచించుకోవాలి. అమెరికాలో రాత్ నుంచి తీసే డబ్బుకు పన్ను లేదు, మన చట్టంలో ఆ మినహాయింపుకు చోటు లేదు. కింద చెప్పబోయే ఊరట "తీసేటప్పుడు ఆ దేశంలో పన్ను పడే ఖాతాల" కోసం రాసినది కాబట్టి రాత్ అందులో సరిగ్గా ఇమడదు. రాత్ ఐఆర్‌ఏలో మీరు వేసిన అసలును ఎప్పుడైనా పన్ను, పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు. అది తీయాలా ఉంచాలా అన్నది మీ సీఏతో కూర్చుని తేల్చుకోండి.

401(కె)ని ఈ కాలంలో కొద్దికొద్దిగా తీయవచ్చా? తీయవచ్చు, ఇండియాలో పన్ను ఉండదు. కానీ వయసు రాకపోతే అమెరికా పన్ను, 10 శాతం పెనాల్టీ తప్పవు. యాభై తొమ్మిదిన్నర దాటి తిరిగి వచ్చినవాళ్లకు మాత్రం ఇది నిజంగా మంచి దారి. నలభైల్లో ఉన్నవాళ్లు కదపకుండా ఉంచడమే మేలని నా అభిప్రాయం.

5. పూర్తి రెసిడెంట్ అయిన మొదటి ఏడాది: ఈ ఫారం మరిచిపోవద్దు

కిటికీ మూసుకున్నాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయం మీదైనా ఇక్కడ పన్ను. 401(కె) లోపల ఏటా పెరిగే డివిడెండ్లు, లాభాల సంగతేంటి? ఇంతకుముందు ఇది పెద్ద చిక్కు. ఇండియా ఇప్పుడే పన్ను అడుగుతుంది, అమెరికా ఇరవై ఏళ్ల తర్వాత తీసినప్పుడు అడుగుతుంది. అప్పుడు కట్టిన దానికి ఇప్పుడు క్రెడిట్ (అక్కడి పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవడం) ఎలా? 2021 ఫైనాన్స్ చట్టం సెక్షన్ 89ఏ తెచ్చి దీన్ని తీర్చింది. అమెరికా, బ్రిటన్, కెనడా రిటైర్మెంట్ ఖాతాల మీద అక్కడ ఎప్పుడు పన్ను పడుతుందో ఇక్కడా అప్పుడే.

కానీ ఇది అడిగితేనే వస్తుంది. మొదటి ఏడాది రిటర్న్ గడువులోపు పాత చట్టంలో ఫారం 10-ఈఈ అన్న ఫారం ఆన్‌లైన్‌లో వేయాలి. ఒకసారి వేస్తే ఆ ఖాతాకు తర్వాతి ఏళ్లన్నిటికీ వర్తిస్తుంది, వెనక్కి తీసుకోలేరు. మళ్లీ నాన్-రెసిడెంట్ అయిపోతే మాత్రం అసలు వేయనట్టే లెక్క. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. పోర్టల్‌లో విదేశీ రిటైర్మెంట్ ఖాతా ఊరట అన్న విషయం పట్టుకుని వెతకండి, పాత నంబరు దగ్గర ఆగిపోకండి.

పూర్తి రెసిడెంట్ అయ్యేముందు వచ్చే మార్చి 31 నాటి 401(కె), ఐఆర్‌ఏ స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసి రెండు మూడు చోట్ల దాచండి. నాన్-రెసిడెంట్‌గా, ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉన్న కాలంలో పెరిగిన ఆదాయాన్ని తర్వాత తీసినప్పుడు ఇక్కడి పన్ను నుంచి మినహాయించడానికి నియమాలు ఒప్పుకుంటాయి. కానీ అది ఎంతో నిరూపించాల్సింది మీరే. ఇరవై ఏళ్ల తర్వాత ఆ స్టేట్‌మెంట్ కోసం వెతికితే దొరకదు.

ఇదే ఏడాది నుంచి ఐటీఆర్-2 రిటర్న్‌లో విదేశీ ఆస్తుల పట్టిక, అంటే షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. విదేశీ ఖాతాలన్నీ, డిసెంబర్ 31తో ముగిసే క్యాలెండర్ సంవత్సరం ప్రకారం, ఆదాయం ఉన్నా లేకపోయినా చూపించాలి. 401(కె), ఐఆర్‌ఏ, 200 డాలర్లున్న పాత చెకింగ్ ఖాతా, ఏదీ వదలొద్దు. నల్లధనం చట్టం కింద చూపించకపోతే పది లక్షల రూపాయల పెనాల్టీ ఉంది. స్థిరాస్తి కాకుండా మిగతావి మొత్తం 20 లక్షలు మించకపోతే 2024 అక్టోబర్ నుంచి ఆ పెనాల్టీ నుంచి ఊరట ఇచ్చారు గానీ, చూపించే బాధ్యత పోలేదు.

అమెరికా డివిడెండ్ల మీద అక్కడ 25 శాతం పట్టుకుంటే, ఆ పన్నుకు ఇక్కడ క్రెడిట్ రావాలంటే ఇంకో ఫారం ఉంది. పాత చట్టంలో దాని పేరు ఫారం 67. రూపాయల్లోకి మార్చడానికి గూగుల్‌లో కనిపించే రేటు పనికిరాదు, ఎస్‌బీఐ టీటీ బైయింగ్ రేటే (ఆ బ్యాంకు డాలర్లు కొనే రేటు) వాడాలి.

6. రేపు డబ్బు తీసేటప్పుడు

రెండు దేశాల పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 20 ప్రకారం, ఇండియాలో ఉన్నవాళ్లకు అందే ప్రైవేట్ పెన్షన్ మీద ఇండియాలోనే పన్ను. సంస్థకు డబ్ల్యూ-8బెన్ ఫారం ఇచ్చి ఒప్పందం కింద మినహాయింపు అడగాలి, అడగకపోతే 30 శాతం పట్టుకునే ఇస్తారు. ఆ ఆర్టికల్ పెన్షన్ అంటే విడతలుగా వచ్చేదని చెబుతుంది. అందుకే నెలనెలా, ఏటేటా తీసుకునేవాళ్లకు దారి సాఫీగా ఉంటుంది, ఒకేసారి మొత్తం తీసేవాళ్లకు చిక్కులొస్తాయి. సోషల్ సెక్యూరిటీకి ఇదే ఒప్పందంలో లెక్క తిరగబడుతుంది, దాని మీద పన్ను అమెరికాకే.

1960 లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లు 75 ఏళ్ల వయసు నుంచి ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో కొంత మొత్తం ఏటా తప్పనిసరిగా తీయాలి. క్యాలిఫోర్నియాలో పనిచేసి వచ్చినవాళ్లు రాష్ట్ర పన్ను గురించి అడుగుతుంటారు. ఆ రాష్ట్రంలో ఇప్పుడు నివసించనివాళ్ల రిటైర్మెంట్ ఆదాయం మీద పన్ను వేయకూడదని 1996లోనే అమెరికా సమాఖ్య చట్టం వచ్చింది, నిశ్చింతగా ఉండండి.

గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకు

మీరు కూకట్‌పల్లిలో ఉన్నా అమెరికా దృష్టిలో అక్కడి టాక్స్ రెసిడెంటే. ఏటా 1040 (అమెరికా ఆదాయపు పన్ను రిటర్న్), ఎఫ్‌బార్ వేయాలి. షేర్ల లాభం మీద పన్ను లేదని పైన చెప్పింది మీకు వర్తించదు. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లు కొనకండి, అమెరికా వాటిని పీఫిక్ అని చాలా కఠినంగా చూస్తుంది, ఒక్కో ఫండ్‌కు ఫారం 8621 వేయాలి. గ్రీన్ కార్డ్ వదులుకోవాలంటే ఐ-407 ఫారం ఇవ్వాలి. గత పదిహేనేళ్లలో ఎనిమిదేళ్లు ఆ కార్డుతో ఉన్నవాళ్లకు ఎగ్జిట్ టాక్స్ (అమెరికా పన్ను పరిధి వదిలేటప్పుడు పడే పన్ను) నియమాలు వర్తిస్తాయి, నికర ఆస్తి 20 లక్షల డాలర్లు దాటితే నిజంగా కట్టాల్సి రావచ్చు. ఏడో ఏడాదిలో ఉన్నవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి. ఆ లెక్కలో ఒక్క రోజు కార్డు ఉన్నా అది ఏడాది కిందే వస్తుంది.

ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది

గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్ లేకుండా ఇండియాలో ఉన్న మనిషి చనిపోతే, అమెరికాలో ఉన్న ఆస్తుల్లో 60,000 డాలర్ల దాకానే ఎస్టేట్ టాక్స్ మినహాయింపు. ఆపైన 40 శాతం దాకా వెళుతుంది. అమెరికా కంపెనీల షేర్లు, 401(కె), ఐఆర్‌ఏ ఇందులోకి వస్తాయి. మనకు ఈ విషయంలో అమెరికాతో ఒప్పందం లేదు. పెద్ద మొత్తాలున్నవాళ్లు బ్రోకరేజ్ ఖాతాను ఆర్‌ఎన్‌ఓఆర్ కాలంలోనే తగ్గించుకోవడానికి ఇది ఇంకో కారణం.

ప్రతి ఖాతాలో బెనిఫిషియరీ పేరు ఉందో లేదో ఈ వారమే చూడండి. పెళ్లికి ముందు తెరిచిన 401(కె)లో ఇంకా అమ్మ పేరే ఉండిపోయినవాళ్లు మనలో తక్కువేం లేరు. సంస్థ పేరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు, ఏ ఫారం వేయాలి అన్నది ఒక పేజీలో రాసి మీ భార్యకో భర్తకో చూపించి, ఒకసారి వాళ్ల చేతే లాగిన్ చేయించండి.